ఎవరి పాట అది?

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును పిలిస్తే సాధారణంగా కరెంటు గురించో, కంప్యూటర్ల గురించో మాట్లాడమంటారు. మన నిర్వాహకులు మాత్రం, "నీకు పాటల పిచ్చి ఉంది కదా, ఒక పాట గురించి చెప్పు" అన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఒక్క పాట చరిత్ర చెప్పడానికి అది సరిపోతుంది. అయితే ఆ ఒక్క పాట కథలోనే మూడు ఖండాలు, ఎనభై ఏళ్లు, రెండు కోర్టు తగాదాలు ఉన్నాయి.

ముందుగా ఒక మాట. ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు తమ పద్ధతిలో మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని కవర్ వెర్షన్ అంటారు. మనకు ఇది కొత్త కాదు. పెళ్లిపందిట్లో ఆర్కెస్ట్రా కుర్రాడు ఘంటసాల గారి పాట అందుకున్నా, టీవీ పోటీలో పదేళ్ల పాప సుశీలమ్మ పాట పాడినా చేసేది దాదాపు అదే పని. అందులో తప్పేమీ లేదు. పాట బతికేది నలుగురూ పాడటం వల్లే. మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? అది చెప్పడానికే ఈ పాటను ఎంచుకున్నాను.

పాట పేరు 'ది లయన్ స్లీప్స్ టునైట్'. 'ఈ రాత్రి సింహం నిద్రపోతోంది' అని అర్థం. మీలో చాలామంది పిల్లలతో కలిసి 'లయన్ కింగ్' చూసే ఉంటారు. 2019లో వచ్చిన కొత్త సినిమా తెలుగు అనువాదంలో టిమోన్‌కు అలీ గారు, పుంబాకు బ్రహ్మానందం గారు గొంతునిచ్చారు. ఇంగ్లీషు సినిమాలో ఆ జంట పాడుకునే పాట ఇదే. అమెరికాలో, ఇంగ్లండులో, ఫ్రాన్సులో మూడు తరాలకు తెలిసిన పాట. కానీ ఇది అమెరికాలో పుట్టలేదు. దీన్ని కట్టిన మనిషి జూలూ జాతివాడు. పేరు సాలమన్ లిండా.

లిండా 1909లో దక్షిణాఫ్రికాలోని నెటాల్ రాష్ట్రంలో పొమెరాయ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. నెటాల్ పేరు మనవాళ్లకు పరాయిది కాదు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడతో మొదలుపెట్టి, అక్కడి చెరకుతోటల్లో పనికి తెలుగువాళ్లూ తమిళులూ కూలీలుగా వెళ్లారు. వాళ్ల వారసులు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. అదే రాష్ట్రంలో, లోపలి కొండప్రాంతంలో, లిండా మిషన్ బడిలో చదువుకున్నాడు. పాశ్చాత్య పద్ధతిలో కలిసి పాడటం అక్కడే వంటబట్టింది. 1931లో అందరిలాగే పని వెతుక్కుంటూ జొహానెస్‌బర్గ్ చేరాడు. అక్కడ 'ఈవెనింగ్ బర్డ్స్' పేరుతో ఆరుగురి గాయక బృందాన్ని నడిపాడు. ఆ ఆరుగురూ పొమెరాయ్ స్నేహితులే. ఊరు విడిచి వచ్చిన కుర్రాళ్లు పట్నంలో చారల సూట్లు, టోపీలు వేసుకుని వారాంతాల్లో పోటీల్లో పాడేవాళ్లు. ఇది పూర్వవిద్యార్థుల సభ కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

బతుకుతెరువు కోసం లిండా గాలో అనే రికార్డుల కంపెనీలో చేరాడు. పాడటానికి కాదు, రికార్డులు ప్యాక్ చేయడానికి. 1939లో అదే కంపెనీ స్టూడియోలో ఆ బృందం 'ఎంబూబే' అనే పాట రికార్డు చేసింది. ఎంబూబే అంటే జూలూ భాషలో సింహం. పశువులు కాసుకునే పిల్లలు, మంద మీదికి వచ్చే సింహం, ఇదీ విషయం. పాటలో మాటలు చాలా తక్కువ. మిగతా అంతా గొంతులే. కింద ముగ్గురు బొంగురు గొంతుతో ఒకే మాటను తాళంలా తిప్పుతూ ఉంటారు. దాని మీద మరో రెండు గొంతులు. వాటన్నిటి పైన లిండా సన్నని కీచుగొంతుతో తోచినట్టు పాడుతూ పోతాడు.

రికార్డు చేసేటప్పుడు మొదటి రెండుసార్లు సరిగా కుదరలేదు. మూడోసారి కుదిరింది. ఆ మూడోసారిలో, పాట ముగియబోతుండగా లిండా అప్పటికప్పుడు ఒక చిన్న వరస అందుకున్నాడు. కొన్ని క్షణాల పాటు మాత్రమే వినిపిస్తుంది. ఆ కొన్ని క్షణాలను గుర్తుపెట్టుకోండి. కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

రికార్డు బాగా అమ్ముడుపోయింది. 1948 నాటికి ఆఫ్రికాలో దాదాపు లక్ష కాపీలు పోయాయని లెక్క. ఆ తరహా పాటకే 'ఎంబూబే' అని పేరు స్థిరపడింది. తర్వాతి రోజుల్లో ప్రపంచమంతా తిరిగిన లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో బృందం ఆ సంప్రదాయంలోంచి వచ్చిందే. ఇంతటి పాట మీద హక్కులకు లిండాకు ముట్టింది పది షిల్లింగులు. అంటే అర పౌను.

పాట సముద్రం దాటిన తీరు చూడండి. 1949 ప్రాంతంలో అమెరికాలో అలన్ లోమాక్స్ అనే జానపద సంగీత సేకర్త చేతికి కొన్ని ఆఫ్రికా రికార్డులు వచ్చాయి. వాటిని తన మిత్రుడు పీట్ సీగర్‌కు ఇచ్చాడు. సీగర్ గొప్ప జానపద గాయకుడు, పౌరహక్కుల ఉద్యమంలో నిలబడ్డ మనిషి. మనం బడిలో ప్రార్థన తర్వాత పాడిన 'హమ్ హోంగే కామ్‌యాబ్' ఉంది చూశారూ, దాని ఇంగ్లీషు మూలాన్ని ప్రపంచానికి చేర్చినవాళ్లలో ఆయన ఒకరు.

సీగర్‌కు జూలూ భాష రాదు. రికార్డు మళ్లీ మళ్లీ విని చెవికి తోచినట్టు రాసుకున్నాడు. కింది గొంతులు పాడే మాట 'ఉయింబూబే'. 'నువ్వు సింహానివి' అని అర్థం. సీగర్ చెవికి అది 'విమోవే' అని వినిపించింది. ఆ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. అయినా 'ది వీవర్స్' అనే తన బృందంతో ఆయన పాడిన 'విమోవే' 1952లో అమెరికాలో పెద్ద హిట్టు. ఆ తర్వాత 1959లో కింగ్‌స్టన్ ట్రియో బృందం కూడా దాన్నే పాడింది. ఈ పాటకు ఇది మొదటి రూపాంతరం.

ఇక్కడే అసలు మలుపు. వీవర్స్ రికార్డు మీద రచయితగా 'పాల్ క్యాంప్‌బెల్' అని వేశారు. అలాంటి మనిషి లేడు. పాత జానపద గీతాలను తమ పద్ధతిలో కూర్చినప్పుడు వాటి మీద రాయల్టీ రావడానికి వీవర్స్ సభ్యులు కలిసి వాడుకున్న మారుపేరు అది. ఎంబూబే కూడా అనాదిగా వస్తున్న ఆఫ్రికా జానపదమే అనుకున్నారు. అప్పటికి ఆ పాట వయసు పన్నెండు, పదమూడేళ్లు. కట్టినవాడు జొహానెస్‌బర్గ్‌లో నిక్షేపంగా ఉన్నాడు. సీగర్ తర్వాత విషయం తెలుసుకుని లిండాకు వెయ్యి డాలర్లు పంపాడు, తన వాటా రాయల్టీ కూడా ఆయనకే పంపమని ప్రచురణకర్తలకు చెప్పాడు. అది ఆయన మంచితనం. కానీ ఒకరి మంచితనం మీద ఆధారపడ్డ హక్కు ఎంతవరకు నిలుస్తుంది? ఆ డబ్బు చేరవలసిన చోటికి సక్రమంగా చేరలేదు.

రెండో రూపాంతరం 1961లో. న్యూయార్క్ బ్రూక్లిన్ కుర్రాళ్లు 'ది టోకెన్స్' అనే బృందంగా ఏర్పడి, పరీక్షగా 'విమోవే' పాడి వినిపించారు. హ్యూగో పెరెట్టి, లూయిజి క్రియాటోరే అనే నిర్మాతలకు అది నచ్చింది. దానికి ఇంగ్లీషు మాటలు కావాలనుకుని జార్జ్ వైస్ అనే గీతరచయితను పిలిచారు. వైస్ పనిమంతుడు. పాట మొత్తం విని, చివర్లో లిండా అప్పటికప్పుడు పాడిన ఆ చిన్న వరసను పట్టుకున్నాడు. దాన్నే సాగదీసి పల్లవి, చరణాలు కట్టాడు, నిద్రపోయే సింహం గురించి ఇంగ్లీషు మాటలు కూర్చాడు. రికార్డులో దీన్ని రెండో వైపు వేశారు. మొదటి వైపు వేరే పాట. కానీ జనానికి రెండో వైపే నచ్చింది. 1961 డిసెంబరులో అమెరికాలో నంబర్ వన్ అయ్యి, మూడు వారాలు ఆ స్థానంలో ఉంది. రచయితలుగా వేసిన పేర్లు ఆ ముగ్గురివి. లిండా పేరు లేదు.

ఇక్కడ పోల్చుకోవడానికి ఒక సంగతి చెబుతాను. అదే ఏడాది అదే ముగ్గురూ ఎల్విస్ ప్రెస్లీ కోసం 'కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్' అనే పాట చేశారు. దాని వరస 1784 నాటి ఫ్రెంచి గీతం నుంచి తీసుకున్నది. ఆ గీతాన్ని స్వరపరిచిన మార్టీనీ చనిపోయి అప్పటికి 145 ఏళ్లు. చట్టప్రకారం అది అందరి సొత్తు. ఎవరూ తప్పు పట్టలేదు, పట్టాల్సిన పనీ లేదు. కాబట్టి పాత వరస నుంచి కొత్త పాట చేయడం తప్పు కాదు. రెండు పాటలకూ ఒకే పద్ధతి పాటించారు. తేడా ఏమిటంటే, రెండో పాట యజమాని బతికే ఉన్నాడు.

బతికే ఉన్నాడు గానీ బాగా లేడు. 1959లో వేదిక మీద పాడుతూ కుప్పకూలాడు. టోకెన్స్ పాట నంబర్ వన్ అయిన పది నెలలకు, 1962 అక్టోబరులో, మూత్రపిండాలు పనిచేయక కన్నుమూశాడు. ఇంట్లో భార్య, పిల్లలు. బ్యాంకులో ఉన్నది ఇరవై పైచిలుకు డాలర్లు. సమాధి మీద పేరు రాసిన రాయి వేయించడానికి ఆ కుటుంబానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

పాట మాత్రం ఆగలేదు. 1960లోనే దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా తన ఆల్బంలో దీన్ని అసలు పేరుతో, అసలు జూలూ మాటలతో పాడింది. 1962లో ఇంగ్లండులో కార్ల్ డెన్వర్ పాడిన రూపం నాలుగో స్థానానికి వెళ్లింది. అదే ఏడాది హెన్రీ సాల్వడోర్ ఫ్రెంచిలో పాడాడు. విచిత్రం ఏమిటంటే ఫ్రెంచిలో సింహం నిద్రపోలేదు, చచ్చిపోయింది. పాట పేరే 'ఈ రాత్రి సింహం చనిపోయింది'. 1972లో రాబర్ట్ జాన్ పాడితే అమెరికాలో మూడో స్థానం. 1982లో టైట్ ఫిట్ బృందం పాడితే ఇంగ్లండులో మొదటి స్థానం. ఇలా వందకు పైగా గాయకులు, బృందాలు పాడారు. జూలూలో మనల్ని 'నువ్వు సింహానివి' అని పిలిచిన మాట అమెరికాలో అర్థం లేని శబ్దమైంది, తర్వాత నిద్రపోయింది, ఫ్రాన్సులో చచ్చింది. అయినా కింది గొంతులు తిప్పే ఆ చక్రం, పైన లిండా పాడిన ఆ వరస ఎక్కడా చెదరలేదు. విన్నవాడు ఎవడైనా గుర్తుపడతాడు. మంచి డిజైన్ లక్షణం అదే.

1994లో 'లయన్ కింగ్' వచ్చింది. తర్వాత నాటకంగానూ దేశదేశాల్లో ఆడింది. 2000లో రియాన్ మలన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు 'రోలింగ్ స్టోన్' పత్రికలో ఈ పాట చరిత్రంతా తవ్వి రాశాడు. లయన్ కింగ్ వల్ల వచ్చిన ఆదాయమే కోటిన్నర డాలర్లు ఉంటుందని ఆయన అంచనా. లిండా కూతుళ్లు అప్పుడు సొవెటోలో పేదరికంలో ఉన్నారు. వాళ్లలో ఒకామె మరుసటి ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయింది. మందులు కొనే స్తోమత లేదు.

మరి పది షిల్లింగులకు రాసిచ్చేసిన హక్కు తిరిగి వస్తుందా? 1992లో ఆ కూతుళ్లు కూడా హక్కులు వదులుకుంటూ సంతకాలు పెట్టి ఉన్నారు. అందరూ దారి మూసుకుపోయిందనే అనుకున్నారు. అప్పుడు ఓవెన్ డీన్ అనే కాపీరైటు న్యాయవాది ఒక పాత చట్టం బయటికి తీశాడు. 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైటు చట్టం. అందులో ఒక నిబంధన ఉంది. రచయిత తన హక్కును బతికుండగా ఎవరికి అమ్ముకున్నా, ఆయన చనిపోయిన 25 ఏళ్లకు ఆ హక్కు తిరిగి వారసులకు వచ్చేస్తుంది. దీన్ని 'డికెన్స్ నిబంధన' అని కూడా అంటారు. అవసరంలో ఉన్న రచయిత కారుచౌకగా రాసిచ్చేస్తాడనీ, దాని ఫలితం పిల్లలు అనుభవించకూడదనీ చట్టం చేసినవాళ్లు ముందే ఊహించారన్నమాట. లిండా పోయింది 1962లో. 25 కలిపితే 1987. అంటే అప్పటినుంచి, ఒకప్పటి బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాల్లో ఈ పాట హక్కు ఆ కుటుంబానిదే. ఆసక్తి ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను, మన దేశంలో 1914లో వచ్చిన కాపీరైటు చట్టానికి ఆధారం కూడా ఆ 1911 చట్టమే.

2004లో దక్షిణాఫ్రికా కోర్టులో డిస్నీ మీద దావా వేశారు. అమెరికా కంపెనీని అక్కడి కోర్టు పరిధిలోకి తేవడానికి, ఆ దేశంలో నమోదైన మిక్కీ మౌస్, డోనాల్డ్ డక్ వంటి ట్రేడ్‌మార్కులను జప్తు చేయించారు. డిస్నీ ఈ పాటను అమెరికాలో హక్కులున్న అబిలీన్ మ్యూజిక్ అనే సంస్థ దగ్గర అనుమతి తీసుకునే వాడుకుంది. చివరికి 2006 ఫిబ్రవరిలో అబిలీన్‌తో రాజీ కుదిరింది. గతంలో వాడినదానికి సొమ్ము, ఆపైన రాయల్టీలో వాటా వారసులకు దక్కాయి. ఎంత అనేది బయటపెట్టలేదు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. 'ది లయన్ స్లీప్స్ టునైట్' పాట ఎంబూబే నుంచే వచ్చిందనీ, సాలమన్ లిండా దానికి సహస్వరకర్త అనీ ఒప్పుకున్నారు. పాడిన 67 ఏళ్లకు, పోయిన 44 ఏళ్లకు, పాట మీద పేరు పడింది.

ఇప్పుడు ఇంజనీరుగా ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ మీద నేమ్‌ప్లేట్ ఉంటుంది. ఎవరు తయారుచేశారు, ఏ సంవత్సరం, ఎంత సామర్థ్యం, సీరియల్ నంబరు ఎంత, అన్నీ దాని మీద ఉంటాయి. అది కాలిపోతే కాయిల్స్ మళ్లీ చుట్టిస్తాం. చుట్టినవాడు తన వివరాలతో ఇంకో ప్లేటు పక్కన బిగించవచ్చు. పాత ప్లేటు మాత్రం పీకకూడదు. కవర్ వెర్షన్ కూడా అంతే. వైస్ చేసిన పని తక్కువదేమీ కాదు, ఆ మాటలు లేకపోతే పాట ఇంత దూరం వెళ్లేదే కాదు. ఆయన పేరు ఉండాల్సిందే, లిండా పేరు పక్కన.

మన పెద్దలకు ఇది బాగా తెలుసు. అందుకే త్యాగయ్య, క్షేత్రయ్య, అన్నమయ్య తమ పాటల్లో ముద్ర పెట్టారు. పాటలోనే నేమ్‌ప్లేట్ అన్నమాట. అన్నమయ్య విషయంలో జరిగింది లిండాకు సరిగ్గా తలకిందులు. తిరుమలలో రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు, కవి ముద్ర భద్రంగా ఉన్నాయి. అప్పటి వరసలు మాత్రం పోయాయి. లిండాకు వరస మిగిలి పేరు పోయింది. ఈనాడు మనం వింటున్న అన్నమయ్య కీర్తనల వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ వంటివారు మన కాలంలో కట్టినవి. పాడేముందు వాళ్ల పేర్లు చెప్పేవారు ఎంతమంది?

జానపదాల సంగతి ఇంకా కష్టం. 'జానపదం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నిజంగా తరతరాలుగా ఎందరో కలిసి కట్టుకున్న పాట ఒకటి. కట్టినవాడెవడో మనం కనుక్కోని పాట రెండోది. పల్లెలో పాడే ప్రతి పాటా మొదటి రకమని అనుకోవడం మనకు సులువు, కొందరికి లాభం కూడా. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవారు, స్వరపరిచినవారు రాయల్టీ హక్కును రాసిచ్చేసినా అది చెల్లదన్నారు. సినిమా హాల్లో ఆడించడం తప్ప మిగతా వాడకాల్లో వాళ్ల వాటా వాళ్లకు ఉంటుంది. మంచి చట్టం. కానీ చట్టం కాపాడేది పేరు తెలిసినవాడినే. పేరు అడగడం మన పని.

అందుకే మిత్రులారా, ఈ స్వర్ణోత్సవ సంచిక తెచ్చే మన సంఘానికి నాదొక విన్నపం. ఈ బడిలో యాభై ఏళ్లుగా వార్షికోత్సవాల్లో పాటలు పాడుకున్నాం, నాటికలు వేశాం, బుర్రకథలు చెప్పాం. వాటిలో కొన్ని మన మాస్టార్లు, టీచర్లమ్మలే రాశారు. కొన్ని పెద్ద క్లాసు పిల్లలు కట్టారు. పాటలు మనకు ఇప్పటికీ నోటికి వస్తాయి. రాసినవారి పేర్లు అడిగితే తడుముకుంటాం. గురువులు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. ఈ రెండు రోజుల్లో వాళ్ల పక్కన కూర్చుని అడగండి, ఒక కాగితం మీద రాయండి. ఏ పాట, ఎవరు రాశారు, వరస ఎవరు కట్టారు, ఏ సంవత్సరం. పాత ఫోటోలతో పాటు ఆ జాబితా కూడా సంఘం దగ్గర ఉండాలి. దీనికి ఖర్చేమీ లేదు. ఆలస్యం చేస్తేనే ఖర్చు, ఎందుకంటే చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

పాటను ఎవరైనా, ఎలాగైనా పాడుకోవచ్చు. పాడేముందు ఇది ఫలానావారిది అని ఒక్క మాట చెప్పడం మన బడి నేర్పిన మర్యాద.